గొట్టం కొంటే సరా.. గ్యారంటీ ఎవరిస్తారు?

ప్రొద్దుటూరులో బంగారం కొనేవాళ్లు మెరుపును నమ్మరు. గీటురాయి మీద గీయించి, రంగు చూసి, తూకం చూసి, చీటీ రాయించుకున్నాకే డబ్బు బయటికి తీస్తారు. పెళ్లి నగల కోసం ముద్దనూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి బస్సెక్కి వెళ్లే కుటుంబాలకు ఈ తెలివి ఎవరూ నేర్పక్కర్లేదు. అదే ఇంట్లో కుర్రాడు తన ఎయిర్ రైఫిల్‌కు స్కోప్ కొనేటప్పుడు మాత్రం అదంతా గాలికి పోతుంది. ఫోన్‌లో బొమ్మ చూస్తాడు. 'పదహారింతలు దగ్గరగా చూపిస్తుంది' అన్న మాట చదువుతాడు. బొటనవేలితో ఒక్క నొక్కు! నాలుగో రోజుకు పార్శిల్ వచ్చేస్తుంది. నలభయ్యో రోజుకు గురి తప్పడం మొదలవుతుంది. మర తిప్పితే ఓసారి కదులుతుంది, ఓసారి కదలదు. అప్పుడు అటక మీదున్న ఖాళీ పెట్టె దించి నాలుగు వైపులా తిప్పి చూస్తారు. ఎవరికి ఫోన్ చేయాలో దాని మీద రాసి ఉండదు.

అసలు కథ మొదలయ్యేది అక్కడే. స్కోప్‌లో ఉండేది గాజు, అల్యూమినియం గొట్టం, వెంట్రుకంత సన్నటి గీతలు, చిన్న చిన్న మరలు, స్ప్రింగులు. లోపల తేమ చేరకుండా కంపెనీలో వాయువు నింపి సీలు వేస్తారు. రేడియో బాగుచేసే మెకానిక్కుకు గానీ, కళ్లజోళ్ల దుకాణం ఆయనకు గానీ ఇది విప్పి చూపించే సరుకు కాదు. ఒక్కసారి విప్పితే ఆ సీలు పోయినట్టే. అంచేత స్కోప్ విషయంలో గాజు ఎంత ముఖ్యమో, అది చెడితే వెనక్కి తీసుకునే మనిషి అంత ముఖ్యం. ముద్దనూరులాంటి ఊళ్లో ఉండేవాళ్లకైతే ఇంకాస్త ఎక్కువ!

పతకానికి గాజు అక్కర్లేదు

కొనేముందు ఓ ప్రశ్న వేసుకోవాలి. ఇది దేనికి? 'మా అబ్బాయి షూటింగ్ నేర్చుకుంటాడు, ఒలింపిక్స్ దాకా పోవాలి' అనే తండ్రులు చాలామంది తుపాకీతోపాటే స్కోప్ కూడా కొనేస్తుంటారు. వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచాడు. క్వాలిఫయింగ్‌లో 598, ఫైనల్లో 103.1.. మొత్తం 701.1 పాయింట్లు. ఆయన రైఫిల్ మీద దుర్భిణి లేదు. ఆ పోటీలో ఉండకూడదు కూడా!

10 మీటర్ల దూరంలో గురిపెట్టే పత్రం మధ్యలో 'పది' అంటే అర మిల్లీమీటరు చుక్క. సూదిమొన గుచ్చినంత. దాన్ని కొట్టడానికి అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య అనుమతించేది కంటి దగ్గర చిన్న రంధ్రం, గొట్టం చివర మరో వలయం. ఈ రెంటినీ, అవతలి నల్లటి గుండ్రాన్నీ ఒకే కేంద్రానికి తేవడమే విద్య. చూపు మందగించిన వాళ్లకు కళ్లజోడులాంటి సవరణ అద్దం వరకూ వెసులుబాటు ఉంది. దూరాన్ని దగ్గరచేసే దుర్భిణికి లేదు. కదిలే లక్ష్యాన్ని కొట్టే పోటీలో మాత్రం 4 ఇంతలు మించని స్కోప్‌ను ఒప్పుకుంటారు. కాబట్టి పోటీలకు తయారయ్యే పిల్లాడి తండ్రి స్కోప్ డబ్బులు దాచుకుని, వాటిని శిక్షణకు ఖర్చుపెట్టడం మేలు.

మరి స్కోప్ ఎవరికి పనికొస్తుంది? పెరట్లోనో, తోటలోనో మట్టికట్ట అడ్డంగా పెట్టుకుని 20, 30 మీటర్లలో డబ్బాల మీద, కాగితాల మీద గురి చూసే సరదారాయుళ్లకు. ఫీల్డ్ టార్గెట్ ఆట ఆడేవాళ్లకు. కంటిచూపు తగ్గి, దగ్గరి గుర్తూ దూరపు లక్ష్యమూ ఒకేసారి స్పష్టంగా కనపడని నడివయసు వాళ్లకు. లైసెన్సు తుపాకీ ఉన్న కొద్దిమందికి. సీమ అనగానే సినిమావాళ్లకు సుమోలూ తుపాకులే కనిపిస్తాయి గానీ, ఇక్కడ లైసెన్సు తుపాకీ ఉన్న ఆసామికి ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని మోసుకెళ్లి పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకోవడమే పెద్ద పని!

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల గొట్టం, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అది దాటితే కావాలి. లైసెన్సు లేదు కదా అని చెరువు గట్టున కొంగనో, కంపచెట్ల కింద కౌజునో కొడితే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చేలు తొక్కే అడవిపంది మీదకు ఈ తుపాకీ ఎత్తడం నేరమే కాదు, తెలివితక్కువ పని కూడా. 20 జౌళ్ల పెల్లెట్ దానికి గాయం చేస్తుంది, కోపం తెప్పిస్తుంది, అంతే.

'ఎన్ని ఇంతలు' అన్నది ప్రశ్న కాదు

స్కోప్ మీద '3-9x40' అని ఉంటుంది. 3 ఇంతల నుంచి 9 ఇంతల దాకా దగ్గర చేస్తుందని, ముందున్న పెద్ద అద్దం అడ్డకొలత 40 మిల్లీమీటర్లని దానర్థం. కొత్తగా కొనేవాళ్ల కళ్లు మొదటి అంకె మీదే ఉంటాయి. 'ఏమన్నా, ఇది తొమ్మిదే.. అది పదహారు చూపిస్తాదంట గదా, ధర సూస్తే రెండూ ఒకటే!' అనేస్తారు. ఆ ఒక్క వాక్యం మీదే నాసిరకం స్కోపుల వ్యాపారమంతా నడుస్తోంది.

లెక్క చాలా తేలిక. అద్దం కొలతను ఇంతలతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క ఎంతుంటుందో వస్తుంది. 40 ని 4 తో భాగిస్తే 10 మిల్లీమీటర్లు. 9 తో అయితే 4.4. అదే 16 తో అయితే రెండున్నర. పట్టపగలు మన కంటిపాప రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది కాబట్టి ఫరవాలేదు. మసకచీకటి పడగానే కంటిపాప విప్పారుతుంది. కుర్రవాళ్లకైతే ఏడు మిల్లీమీటర్ల దాకా. రెండున్నర మిల్లీమీటర్ల వెలుగు దానికి ఏమూలకు? బొమ్మ పెద్దగానే ఉంటుంది, మసిబారిన లాంతరు గ్లాసులోంచి చూసినట్టుంటుంది. పైగా ఇంతలు పెంచితే లక్ష్యంతోపాటు చేతి వణుకూ పెరుగుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ముద్దనూరు చుట్టుపక్కల నల్లరేగడి చేల మీద గాలి నీళ్లలా అల్లాడుతుంటుంది కదా, దూరం చూసినప్పుడు ఆ అల్లాట కూడా అన్ని ఇంతలై కనిపిస్తుంది. 25, 30 మీటర్ల సరదాకు 4 నుంచి 9 ఇంతలు ధారాళంగా సరిపోతాయి.

గొట్టం లావు గురించీ ఓ మాట. అంగుళం గొట్టం కన్నా 30 మిల్లీమీటర్ల గొట్టంలో ఎక్కువ వెలుతురు వస్తుందని అమ్మేవాళ్లు చెబుతుంటారు. అది నిజం కాదు. లావు గొట్టంతో ముఖ్యంగా కలిసొచ్చేది గురిని పైకీ కిందికీ సర్దుకునే వెసులుబాటు. వెలుతురు సంగతి తేల్చేది ముందు అద్దం, దాని నాణ్యత, దాని మీది పూత. పూతల పేర్లలోనూ కిటుకుంది. 'కోటెడ్' అంటే ఏదో ఒక అద్దానికి ఒక పొర వేసినా చాలు. 'ఫుల్లీ మల్టీ కోటెడ్' అంటే గాలి తగిలే ప్రతి అద్దం ముఖానికీ పలు పొరలు వేశారని. రెండు మాటల తేడా, చూపులో బోలెడు తేడా. మెరిసే ఎర్రటి అద్దం ఉంటే గొప్ప అనుకోవడమూ పొరపాటే. ఎర్రగా తళతళలాడుతోందంటే ఆ వెలుగు లోపలికి పోకుండా తిరిగొచ్చేస్తోందన్నమాట!

ముందుకూ వెనక్కూ తన్నే తుపాకీ

'పెద్ద తుపాకీకే ఆగే స్కోప్, గాలి తుపాకీకి ఆగదా?' ఇది చాలామందికి వచ్చే సందేహం. ఆగకపోవచ్చు. ఇక్కడే డబ్బు పోయేది, వారంటీ కూడా పోయేది.

మందుగుండు రైఫిల్ పేలితే వెనక్కి ఒక్క తన్ను తంతుంది. దాని కోసం చేసిన స్కోప్‌లో అద్దాలనూ గీతలనూ ఆ దిక్కు దెబ్బకు తట్టుకునేలా బిగిస్తారు. మనవాళ్లు ఎక్కువగా వాడే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ దారే వేరు. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ బలంగా పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, తుపాకీ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివరిదాకా వెళ్లి నొక్కుకుపోయిన గాలి దిండును గుద్ది ఆగగానే తుపాకీ ముందుకు కుదుపు తింటుంది. రెప్పపాటులో వెనక్కీ ముందుకూ రెండు దెబ్బలు. ఖరీదైన స్కోప్ అయినా ఎయిర్‌గన్‌కు తగ్గట్టు చేసింది కాకపోతే ఈ రెండో దెబ్బకు లోపలి గీతలు వదులవుతాయి, ఒక్కోసారి అద్దమే కదులుతుంది. అంచేత స్కోప్ పెట్టె మీదో, వారంటీ కాగితంలోనో 'స్ప్రింగ్ ఎయిర్‌గన్‌లకు పనికొస్తుంది' అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడాలి. లేకపోతే కొనేముందే అమ్మేవాడితో రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిళ్లకు ఈ తన్నుల బాధ దాదాపు లేదు.

దూరం సర్దుబాటు రెండోది. తుపాకీ స్కోపులను సాధారణంగా 100 గజాలకు సరిచేసి పంపుతారు. దాన్ని తెచ్చి 10, 15 మీటర్లలో చూస్తే బొమ్మ మసక. అది చాలదన్నట్టు తల కాస్త పక్కకు జరిపితే గీతల కూడలి లక్ష్యం మీద ఈదుతున్నట్టు కదులుతుంది. దీన్నే పారలాక్స్ అంటారు. ఎయిర్ రైఫిల్‌కు కావల్సింది ముందు అద్దం దగ్గరో, పక్కనో చక్రం తిప్పి 10 మీటర్ల దాకా తెచ్చుకునే స్కోప్. ఇది లేని పదహారింతల స్కోప్ కన్నా ఇది ఉన్న నాలుగింతల స్కోపే నయం.

జీవితకాలం.. ఎవరిది?

ఇక పూచీ సంగతికొద్దాం. ఏడాది వారంటీ అనేవాళ్లున్నారు, ఐదేళ్లనేవాళ్లున్నారు, 'లైఫ్‌టైమ్' అనేవాళ్లున్నారు. వినడానికి మూడోది బాగుంటుంది. ఎవరి జీవితకాలం? కొన్నవాడిదా, కొన్న వస్తువుదా, కంపెనీదా? కాగితం చివరి దాకా చదివితేగానీ తేలదు. కొన్ని కంపెనీల మాటల్లో అది మొదట కొన్నవాడి చేతిలో ఉన్నంత వరకే. కొన్నిటిలో అద్దాలకు జీవితకాలం, గీతలను ఎర్రగా వెలిగించే బల్బుకూ సర్క్యూట్‌కూ ఏడాదో రెండేళ్లో. అమెరికా కంపెనీ వోర్టెక్స్ మాత్రం రసీదు లేకపోయినా, చేతులు మారినా బాగుచేస్తామనో, మార్చి ఇస్తామనో చెబుతుంది. పోగొట్టుకోవడం, దొంగతనం, కావాలని పగలగొట్టడం, పనికి అడ్డురాని గీతలు.. వీటికి తప్ప.

ఇలాంటి పూచీలు ఊరికే పుట్టలేదు. ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో 1907లో భూమి కొలిచే సర్వే పరికరాలను బాగుచేసే దుకాణంగా మొదలైంది నేటి ల్యూపోల్డ్ కంపెనీ. ఆ ఇంటి కొడుకు మార్కస్ ల్యూపోల్డ్ ఓసారి వేటకెళితే స్కోప్‌లో మంచుపొగ కమ్మి జింక తప్పించుకుపోయిందట. ఇంతకన్నా మంచిది నేనే చేయగలనని తిట్టుకుంటూ ఇంటికొచ్చాడని కంపెనీ ఇప్పటికీ కథలా చెప్పుకుంటుంది. గాలి తీసేసి నైట్రోజన్ నింపి సీలు వేసిన వాళ్ల మొదటి స్కోప్ 1947లో బజారులోకొచ్చింది. బాగుచేసే వాళ్లే తయారీదారులైన కంపెనీ కాబట్టేనేమో, బాగుచేయడమన్నది ఆ వ్యాపారంలో ఓ భాగంగా ఉండిపోయింది.

బాగానే ఉంది. ఇంతకీ పోర్ట్‌లాండ్ ఎక్కడ, ముద్దనూరు ఎక్కడ? కంపెనీ ఉచితంగా బాగుచేస్తుంది సరే, అక్కడికి పంపే ఖర్చెవరిది? తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్‌వాళ్లు కొత్త సరుకనుకుని సుంకం వేస్తే కట్టేదెవరు? రైఫిల్ స్కోపులను దేశం దాటించడానికి అమెరికాలో ఎగుమతి నిబంధనలు వేరే ఉన్నాయి. అక్కడున్న మేనమామ సూట్‌కేసులో వేసుకుని తెచ్చిన స్కోప్‌కు కంపెనీ పూచీ కాగితం మీద భద్రంగానే ఉంటుంది. మేనమామ మళ్లీ తీసుకెళితే తప్ప పనికిరాదు!

కంపెనీలే దారి మార్చుకోవడం మరో చిక్కు. కెమెరాలతో మనందరికీ తెలిసిన నికాన్ రైఫిల్ స్కోపుల తయారీ నుంచి తప్పుకుంటోందని 2019 చివర్లో తెలిసింది. ఉన్నవాటి వారంటీకి కట్టుబడి ఉంటామని చెప్పినా, ఇకపై అదే మోడల్ కొత్తది మార్చి ఇవ్వడం కుదిరే పని కాదు. అంత పెద్ద పేరున్న కంపెనీకే అలా అయినప్పుడు, నిన్నగాక మొన్న పుట్టి వెబ్‌సైట్ కూడా సరిగా లేని పేర్ల జీవితకాలం ఎంతో ఊహించుకోవచ్చు. పేరున్న వాటికి నకిలీలూ తక్కువేం కాదు. తమ పేరుతో దొంగ స్కోపులు తిరుగుతున్నాయని, సీరియల్ నంబరు చూసుకోమని ల్యూపోల్డే హెచ్చరించింది. నకిలీని బాగుచేయమని పంపితే అసలు కంపెనీ ఎందుకు ముట్టుకుంటుంది?

మరి మనకు గీటురాయి ఏది? పెట్టె మీది చీటీ!

మనదేశంలో అమ్మే దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు సంప్రదించాల్సిన వివరాలు ముద్రించాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఏ దేశపు సరుకో పేజీలోనే చూపించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలున్నాయి. ఆ చీటీ ఉందంటే ఈ దేశంలో ఆ సరుకుకు బాధ్యుడు ఒకడున్నాడని. లేదంటే ఏ కంటైనర్ మూలలోనో వచ్చిన సరుకని. స్కోప్‌లోంచి చూడటానికి ముందు పెట్టెను చూడమనేది అందుకే.

చీటీ మీది నంబరుకు కొనకముందే ఓ ఫోన్ కొట్టి చూడాలి. స్కోప్ పాడైతే ఎక్కడికి పంపాలి? హైదరాబాదా, ముంబయా, చైనానా? పోనూ రానూ కొరియర్ ఎవరు పెట్టుకోవాలి? బాగుచేస్తారా, మార్చి ఇస్తారా? ఎన్నాళ్లు పడుతుంది? స్ప్రింగ్ రైఫిల్ మీద వాడితే ఒప్పుకుంటారా? ఐదే ప్రశ్నలు. అవతలివాళ్లు తడుముకోకుండా చెబితే సగం నమ్మొచ్చు. ఫోనే ఎత్తకపోతే ఇంకా మంచిది, డబ్బు ఖర్చు కాకముందే తెలిసింది! చెప్పినవాటిని మెయిల్‌లోనో వాట్సప్‌లోనో రాసి పంపమనడం మరిచిపోవద్దు.

ఇక్కడ ఓ మెలిక ఉంది. రెండు మూడు వేల స్కోప్‌కు మూడేళ్ల వారంటీ గురించి అంతగా తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. రెండుసార్లు కొరియర్ పంపితే సగం ధర అయిపోతుంది. అలాంటిదానికి అసలు పూచీ కొన్న వారం, పది రోజుల్లో వాపసు తీసుకునే షరతే. పదిహేను వేలు దాటాక లెక్క మారుతుంది. అప్పుడు గాజు కాస్త అటూఇటూ అయినా, మనదేశంలో ఆఫీసు, విడిభాగాలు ఉన్న కంపెనీదే తీసుకోవాలి. అద్దంలో పది శాతం తేడా ముద్దనూరు ఎండలో ఎవరికీ తెలియదు. ఆర్నెల్లు కొరియర్‌లో తిరిగే స్కోప్ సంగతి మాత్రం ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

మొదటి పది రోజులు

పార్శిల్ విప్పేటప్పుడే ఫోన్‌లో వీడియో తీయాలి. సీరియల్ నంబరు బిల్లు మీద ఉండాలి, లేకపోతే వేయించుకోవాలి. తర్వాత స్కోప్‌ను బారెడు దూరంలో పట్టుకుని కిటికీ వైపు చూస్తే వెనక అద్దంలో వెలుగు చుక్క కనిపిస్తుంది. అది నిండు గుండ్రంగా, అంచులు శుభ్రంగా ఉండాలి. లోపల దుమ్ము రేణువులు, నూనె మరకలు ఉండకూడదు. దూరపు కరెంటు తీగను ఆకాశం మీద చూస్తే దాని అంచుకు ఊదారంగు, పచ్చరంగు పొరలు కడుతున్నాయేమో గమనించాలి. కొద్దిగా ఉంటే ఫరవాలేదు. హోళీ ఆడినట్టుంటే ఆ గాజు నాసిరకమే. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా చూడొద్దు, కళ్లు పోతాయి.

అసలు పరీక్ష గురి సర్దే మరలది. చాలా స్కోపుల్లో ఒక క్లిక్ అంటే పావు ఎంఓఏ. 25 మీటర్లలో అది సుమారు 1.8 మిల్లీమీటర్లు. తుపాకీని బస్తా మీద ఆనించి మూడు పెల్లెట్లు పేల్చాలి. 20 క్లిక్కులు పైకి తిప్పి మూడు, 20 కుడికి తిప్పి మూడు, 20 కిందికి తిప్పి మూడు. చివరికి 20 ఎడమకు తిప్పి మళ్లీ మూడు. కాగితం మీద మూడున్నర సెంటీమీటర్ల చదరం రావాలి. చివరి మూడూ మొదటి మూడింటి మీదే పడాలి. పడలేదంటే లోపలి స్ప్రింగ్ నమ్మదగింది కాదు. ఆ కాగితం పారేయకుండా తేదీ వేసి ఉంచాలి, రేపు వాపసుకు అదే సాక్ష్యం.

నింద వేసేముందు బిగింపు చూడాలి మరి. ఎయిర్ రైఫిల్ మీదుండే 11 మిల్లీమీటర్ల గాడిలో స్కోప్ పట్టీలు కుదుపులకు వెనక్కి జారుతుంటాయి. గురి తప్పిందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం అదే. పట్టీ పక్కన పెన్సిల్ గీత గీసి ఉంచితే జారిందో లేదో తెలిసిపోతుంది. జారుతోంది కదా అని పానా వేసి బలంగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. ఆ నొక్కు చూసిన కంపెనీ ఇంకేం మాట్లాడకుండా వెనక్కి పంపేస్తుంది. అద్దం తుడవడమూ అంతే. నాపరాయి దుమ్ము, థర్మల్ కేంద్రం బూడిద, సిమెంటు పొడి ఎగిరే ఈ చోట లెన్సును భుజం మీది తువాలుతో తుడిస్తే పూత మీద గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ముందు గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము పోగొట్టి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. గీతలకు చాలా వారంటీలు వర్తించవు.

కడప దాకా వెళ్తే..

ఇంత చేసినా అమ్మినవాడు మొండికేస్తే? 'దుకాణం ముంబయిలో ఉంది, మేమెక్కడికి పోతాం' అని చాలామంది వదిలేస్తారు. పోనక్కర్లేదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే చోటే కేసు వేయొచ్చు. ముద్దనూరు వాసికి కడపలోని జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల రూపాయల లోపు వస్తువైతే ఫీజు లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. బిల్లు ఇవ్వకపోవడం, బిల్లులో రాసిన గడువులోగా లోపమున్న సరుకును వాపసు తీసుకోకపోవడం, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తీసుకోకపోవడం ఈ చట్టం దృష్టిలో అక్రమ వ్యాపార పద్ధతులే.

దానికి ముందు రెండు మెట్లున్నాయి. ఆన్‌లైన్‌లో కొంటే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చాలా తగవులు ఆ ఫోన్‌తోనే తెగుతాయి. వీటన్నిటికీ కావల్సింది బిల్లు, పెట్టె, వీడియో, ఆ కాగితం, రాసి తీసుకున్న జవాబులు. నోటిమాటలు అక్కడ చెల్లవు.

స్కోప్‌ను వెనక్కి పంపాల్సి వస్తే పట్టీలు విప్పేసి, అన్ని వైపులా ఫోటోలు తీసి, అసలు పెట్టెలోనే పంపాలి. లోపలి మరలు ఒక్కటి కూడా ముట్టుకోవద్దు. కొరియర్ రసీదు మీద 'స్కోప్' అని మాత్రమే కాకుండా సీరియల్ నంబరు కూడా రాయించాలి. వేరే ముక్క వచ్చిందని అవతలివాళ్లు అనకుండా ఉంటారు.